140 ఎవరికి నార్మల్?

మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిని కాళ్ళూ చేతులూ చచ్చుబడిన మనిషికి బీపీ పైఅంకె మామూలుగానే 90, 100 దగ్గర ఉంటుంది. కొత్త డాక్టరు చూస్తే తక్కువుందని కంగారు పడొచ్చు గానీ అతనికి అదే నార్మల్. ఒకరోజు ఉన్నట్టుండి తల పగిలేంత నొప్పి, మొహం ఎర్రబడి చెమటలు, బీపీ 140. ఓపీలో వరసబెట్టి బీపీలు చూసే నర్సుకు 140 పెద్ద లెక్కలోది కాదు. ఇతనికి మాత్రం గండం. తన మామూలు అంకె కన్నా 20 నుంచి 40 పెరిగితే చాలు, ఆటోనమిక్ డిస్‌రిఫ్లెక్సియా అని అనుమానించాలి. ముదిరితే మెదడులో రక్తనాళం చిట్లుతుంది.

కారణం చాలాసార్లు చిన్నదే. మూత్రం పైపు మడతపడి బ్లాడర్ నిండిపోయి ఉంటుంది. లేదా మలబద్ధకం, నడుముకు బిగిసిన బెల్టు, లోపలికి పెరిగిన కాలిగోరు. కింది ఒంటికి ఆ బాధ తెలుస్తుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి, బీపీ లేస్తుంది. తగ్గించమని మెదడు పంపే ఆజ్ఞ దెబ్బతిన్న చోటే ఆగిపోతుంది. ఛాతీ ఆరో పూస దగ్గర గానీ, అంతకు పైన గానీ దెబ్బ తగిలినవాళ్ళకే సాధారణంగా ఈ బాధ. ముందు కూర్చోబెట్టాలి, బట్టలు వదులు చేయాలి, పైపు చూడాలి, తగ్గకపోతే ఆసుపత్రికి పరుగెత్తాలి. కళ్ళు తిరిగినవాళ్ళను పడుకోబెట్టినట్టు ఇతన్ని పడుకోబెడితే బీపీ ఇంకా పెరుగుతుంది.

ఈ సంగతి ఇంటివాళ్ళకు వివరంగా చెప్పగలిగేది దాన్ని అనుభవించినవాడే. అలాంటివాడు పక్క వీధిలో దొరకడు. వెన్నుపాము దెబ్బతో బతుకుతున్నవారు ప్రపంచమంతటా కోటిన్నర మందికి పైగా ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. కానీ రామగుండం బొగ్గుగనుల దగ్గరి గోదావరిఖని అంత ఊళ్ళో మెడ దెబ్బవాళ్ళు కొద్దిమందే ఉంటారు, వాళ్ళూ గడప దాటరు. అందుకే వీళ్ళు ఒకరికొకరు ఫోన్‌లోనే కలుస్తారు. తెలుగుకు ఇందులో ఒక మేలు 2017లో జరిగింది. గూగుల్ వాయిస్ టైపింగ్‌లో మన భాష చేరింది. వేళ్ళు కదలనివాడికి కీబోర్డు అక్కర్లేకుండా పోయింది. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ ఇంకా సులువు, చదువు లేకున్నా నడుస్తుంది.

బొగ్గుబాయి మీద లెక్కలకు కరువు లేదు. షిఫ్టుకెన్ని టన్నులో తెలుస్తుంది. 2022 మార్చి 7న రామగుండంలోని అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో పైకప్పు కూలి ముగ్గురు పోయారని తెలుసు. చావకుండా మంచాన పడ్డవాళ్ళే లెక్కలో కనపడరు. 1952 నాటి గనుల చట్టం ‘తీవ్ర గాయం’ అన్న నిర్వచనంలోకి శాశ్వత వైకల్యాన్నీ చేర్చింది, వేలి ఎముక విరగడాన్నీ చేర్చింది. రిజిస్టరులో మెడా వేలూ ఒకే గడిలో కూర్చుంటాయి.

గని వేరు, మెడ వేరు అని కూడా చెప్పుకోవాలి. వంగి పనిచేసేవాడి వీపు మీద బండ పడితే ఎక్కువగా విరిగేది ఛాతీ పూసలు ముగిసి నడుము పూసలు మొదలయ్యే చోటు. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో గని కార్మికుల వెన్నుదెబ్బలు చూసి చూసి ఫ్రాంక్ హోల్డ్స్‌వర్త్ అనే సర్జన్ 1963లో వాటిని వర్గీకరించాడు. అక్కడ విరిగితే కాళ్ళు పోతాయి, చేతులు మిగులుతాయి. మెడ విరిగేది ఎక్కువగా ఎత్తు నుంచి పడ్డప్పుడు, లేదంటే రోడ్డు మీద. మెడలోనూ పూస పూసకూ బతుకు మారుతుంది. సీ5, అంటే మెడలో ఐదో పూస, అయితే మోచేయి వంచగలడు. సీ6 అయితే మణికట్టు ఎత్తగలడు. సీ7 అయితే మోచేయి చాచి, చేతుల మీద బరువు మోపి మంచం మీంచి వీల్‌చైర్‌లోకి జరగగలడు. కాబట్టి సలహా ఇచ్చేవాణ్ణి ముందు అడగాల్సింది ‘నీది సీ ఎంత?’ అనే. సీ7 వాడి చిట్కా సీ5 వాడికి పనికిరాదు.

రామగుండానికి ఇంకో అంకె ముఖ్యం. ఎండాకాలం ఇక్కడ 45 డిగ్రీలు వింత కాదు. దెబ్బ తగిలిన చోటుకు కింది ఒంటికి సరిగా చెమట పట్టదు కాబట్టి వేడి లోపలే ఉండిపోతుంది, జ్వరం లేకుండానే ఒళ్ళు కాలిపోతుంది. స్ప్రే సీసాలో నీళ్ళు, మెడ మీద తడి తువ్వాలు, పగలు ఎండలో బయటికి పోకపోవడం: ఇవన్నీ ఒకరికొకరు చెప్పుకునే మాటలే.

మంచంలో రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలన్నది పాత సూత్రం. అంటే రోజుకు 12 సార్లు, ఏడాదికి 4,380 సార్లు. తిప్పేది చాలా ఇళ్ళలో భార్యే. ఆమె రాత్రి నిద్ర ఏ లెక్కలోకీ రాదు. మూత్రానికి ఎప్పటికప్పుడు పైపు వేసి తీసే పద్ధతిలో, ఒక్కసారికి 500 మిల్లీలీటర్లు దాటకుండా, రోజుకు 4 నుంచి 6 సార్లు. రోజుకు 5 అనుకున్నా నెలకు 150 పైపులు.

తోటివాళ్ళ సలహాతో నిజంగా ఒరిగేదేమైనా ఉందా? అట్లాంటాలోని షెపర్డ్ సెంటర్ 158 మందితో చేసిన అధ్యయనం 2017లో అచ్చయింది. అనుభవమున్న తోటివాడు విడిగా తోడున్నవాళ్ళలో ఆత్మవిశ్వాసం ఎక్కువ పెరిగింది, అనుకోకుండా ఆసుపత్రిలో గడపాల్సిన రోజులు తగ్గాయి. బంగ్లాదేశ్‌లో 410 మందితో చేసిన ప్రయోగం మరోలా తేలింది. రెండేళ్ళలో 36 ఫోన్లు, 3 సార్లు ఇంటికి రాక. అయినా మరణాల్లో తేడా కనిపించలేదు. ఆ ఫోన్లు చేసింది ఆరోగ్య సిబ్బంది కాబట్టి రెంటినీ పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పలేం. నాకు తోచిందొకటే: ఫోన్ తెలివినిస్తుంది గానీ పరుపునివ్వదు, అర్ధరాత్రి తిప్పే చెయ్యినివ్వదు. పడకపుండు ఎముక దాకా పోయాక, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ చలిజ్వరంగా మారాక, గ్రూపులో ఎవరో పంపిన యాంటీబయాటిక్ పేరు మందు కాదు, ప్రమాదం.

డబ్బు దగ్గరికి వస్తే లెక్క మరీ కరుకు. పనిలో తగిలిన దెబ్బతో వచ్చే శాశ్వత సంపూర్ణ వైకల్యానికి పరిహార చట్టం ఇచ్చే సూత్రం ఇది: నెల జీతంలో 60 శాతం, దాన్ని వయసుకు తగ్గ గుణకంతో హెచ్చించాలి. 2020 జనవరి నుంచి లెక్కకు తీసుకునే జీతం 15,000 మించదు. 40 ఏళ్ళవాడికి గుణకం 184.17. అంటే 9,000 ఇంటూ 184.17, మొత్తం 16,57,530 రూపాయలు. ఇంకో ముప్పై ఏళ్ళు బతికితే, వడ్డీ పక్కనపెట్టి చూస్తే, నెలకు 4,604. సింగరేణి గనుల్లో పర్మినెంట్ కార్మికుడైతే మెడికల్ బోర్డు అన్‌ఫిట్ చేశాక కొడుక్కి డిపెండెంట్ ఉద్యోగం అన్న ఆశ ఉంటుంది. కాంట్రాక్టు కార్మికుడికి అదీ లేదు. పనితో సంబంధం లేకుండా బైకు మీంచి పడ్డవాడికి ఈ పరిహారమే లేదు.

మిగిలింది పింఛను. సదరం సర్టిఫికెట్‌లో వైకల్యం 40 శాతం ఉంటే చాలు, తెలంగాణలో 2023 జులై నుంచి 4,016. వంద శాతమైనా అదే 4,016. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి వికలాంగుడికి 6,000, వీల్‌చైర్‌కో మంచానికో పరిమితమైనవాడికి 15,000. మణుగూరు గనుల వైపు నుంచి గోదావరి దాటితే భద్రాచలం, దాన్ని ఆనుకునే ఆంధ్ర ఊరు ఎటపాక. అదే మెడ, అదే సీ5, రోజుకు అవే 12 సార్లు. నెలకు 10,984 తేడా.