ఆ పేరు ఆమెతోనే ఆగిపోయింది!

సూర్యకాంతం... ఎంత చక్కటి పేరు! సూర్యకిరణం తాకితే నిప్పు రాజుకుంటుందని కావ్యాల్లో చెప్పే మణి పేరది. ఒకప్పుడు తెలుగిళ్లలో ముచ్చటపడి ఆడపిల్లలకు పెట్టుకున్న పేరు. ఆ తర్వాత ఏమైందో అందరికీ తెలుసు. ఉయ్యాలలో పిల్లకు ఆ పేరు పెడదామని ఏ తాతగారైనా అంటే చాలు... ఇంటిల్లిపాదీ ‘అమ్మో’ అనేవారు. ఎవరో శపిస్తేనో, ఎక్కడో అపచారం జరిగితేనో అలా కాలేదు. ఒక నటి తన పని తాను మరీ బాగా చేయడం వల్ల జరిగింది!

తెరమీద చెడ్డవాళ్లుగా వేసినవాళ్లు చాలామందే ఉన్నారు. రాజనాలను చూసి జనం భయపడ్డారు, నాగభూషణాన్ని చూసి తిట్టుకున్నారు. కానీ వాళ్ల పేర్లు మామూలు మాటలుగా మారిపోలేదు. నోరున్న అత్తగారు ఎదురైతే మాత్రం ‘ఆవిడా? సూర్యకాంతమే’ అనడం ఊరూరా అలవాటైపోయింది. తెలుగు సినిమాలో ఏ నటికీ దక్కని కీర్తి అది. ఆమె మోసిన బరువూ అదే.

మూగ వేషంతో...
కాకినాడ దగ్గర వెంకటకృష్ణరాయపురంలో 1924 అక్టోబరు 28న పుట్టారు సూర్యకాంతం. పెద్ద కుటుంబం. చిన్నతనంలోనే తండ్రి పోయారు. ఆటపాటల మీద ఆసక్తి, ఎవరికీ జంకని మాటతీరు ఆమెను నాటకాల వైపు నడిపించాయి. అక్కణ్నుంచి మద్రాసు. 1946లో వచ్చిన ‘నారద నారది’తో తెరమీదకొచ్చారు. మొదట్లో చిన్నాచితకా వేషాలే. జెమినీవారి ‘చంద్రలేఖ’ (1948)లోనూ కాసేపు కనిపించారు. విచిత్రమేమిటంటే, నోటితోనే తెలుగు దేశాన్ని ఏలిన ఈ నటి 1949లో ‘ధర్మాంగద’లో వేసింది మూగ వేషం!

అందరిలాగే ఆమెకూ కథానాయిక కావాలనే ఉండేది. ఓ సినిమాలో అవకాశం చేతిదాకా వచ్చింది కూడా. అంతలోనే కారు ప్రమాదం... ముఖానికి గాయం... ఆ వేషం చేజారిపోయింది. మరోసారి హిందీ సినిమా నుంచి పిలుపొచ్చింది. అయితే అప్పటికే ఎంపికైన నటిని తప్పించి తనకిస్తున్నారని తెలిసి, ఇంకొకరి ఉసురు పోసుకుని తాను బాగుపడలేనని వద్దనేశారట. తర్వాతి కాలంలో తెరమీద పరాయివాళ్ల సొమ్ముకు ఆశపడే పాత్రలు ఎన్ని వేశారో తలచుకుంటే నవ్వొస్తుంది.

ఇరవై ఆరేళ్లకే గయ్యాళి
1950లో ఎల్వీ ప్రసాద్ దర్శకత్వంలో వచ్చిన ‘సంసారం’ ఆమె దారిని తేల్చేసింది. ఎన్టీఆర్, ఏఎన్నార్ కలిసి నటించిన ఆ సినిమాలో ఆమెది గయ్యాళి పాత్ర. అప్పటికి వయసు 26. ఆ వయసులో నెరిసిన జుట్టు పెట్టుకోవడానికి ఏ నటీ అంత తేలిగ్గా ఒప్పుకోదు. ఒప్పుకున్న ఫలితం... తర్వాత నాలుగు దశాబ్దాలకు పైగా తెలుగు కుటుంబ కథకు ఆమె లేనిదే గడవలేదు. ‘దొంగరాముడు’, ‘చిరంజీవులు’, ‘తోడికోడళ్ళు’, ‘మాంగల్యబలం’, ‘వెలుగునీడలు’, ‘కులగోత్రాలు’, ‘రక్తసంబంధం’... ఏడాదికేడాది ఈ జాబితా పెరిగిపోయింది.

ఆ సినిమాలు వచ్చిన కాలాన్ని కూడా చూడాలి. ఉమ్మడి కుటుంబాలు బీటలు వారుతున్న రోజులవి. వంటిల్లు ఎవరిది, తాళాల గుత్తి ఎవరి బొడ్లో ఉండాలి, ఎవరి మొగుడి సంపాదన ఎవరు తింటున్నారు... ప్రతి ఇంట్లోనూ ఇవే గొడవలు. బయట ఏ అధికారమూ లేని ఆడదానికి ఇంట్లో దొరికే పెత్తనం ఆ తాళాల గుత్తే. ‘తోడికోడళ్ళు’లో అనసూయగా సూర్యకాంతం ఆ ఉమ్మడి సంసారంలో చిచ్చు పెడుతుంటే హాల్లో ఉన్న ఆడవాళ్లు పళ్లు కొరికింది అందుకే. ఆ మాటలు వాళ్లు సినిమాలోనే కాదు, ఇంట్లోనూ విన్నారు.

ఎడమచేతి మహిమ
ఆమె విసుర్లకు ఎంత పదునుందో ఆ ఎడమచేతికీ అంత పదునుండేది. సూర్యకాంతానిది సహజంగానే ఎడమచేతివాటం. ఎడమచేత్తో ఇవ్వడం, ఎడమచేత్తో చూపించడం తెలుగిళ్లలో తప్పు. అవతలివాళ్లను చులకన చేయడమే. అలాంటిది ఆ చెయ్యి గాల్లోకి లేపి, వేళ్లు తిప్పుతూ కోడలిని కడిగేస్తుంటే తిట్టు రెండింతలై తగిలేది. ఇంకొకరైతే లోపమని దాచుకునేదాన్ని ఆమె ఆయుధం చేసుకున్నారు.

గోదావరి జిల్లాల యాస, దీర్ఘాలు తీస్తూ మొదలెట్టి చివర్లో చటుక్కున తుంచేసే పద్ధతి, అంతసేపూ అరిచి మొగుడో డబ్బున్న చుట్టమో కనబడగానే తేనెలా మారిపోయే గొంతు... ఇవన్నీ ఒకదానివెంట ఒకటి క్షణాల్లో జరిగిపోయేవి. రేలంగి, రమణారెడ్డి లాంటి వాళ్లు పక్కనుంటే ఇక చెప్పేదేముంది! తిట్టుకుంటూనే జనం పడీపడీ నవ్వేవారు. ఆమెది ఉత్త దుర్మార్గం అయితే ఒక్కసారి చూసి వదిలేసేవాళ్లు. ఆ గయ్యాళితనంలో అమాయకత్వం ఉంది, భయం ఉంది. మాటకారులు పొగిడితే ఇట్టే బుట్టలో పడే బోళాతనం ఉంది. అందుకే మళ్లీమళ్లీ చూశారు.

ఇద్దరు హీరోలు... ఒక గుండమ్మ
1962లో విజయావారు ‘గుండమ్మ కథ’ తీశారు. దర్శకుడు కమలాకర కామేశ్వరరావు. ఎన్టీఆర్‌కు అది నూరో సినిమా, ఏఎన్నార్‌కు 99వది. పక్కన సావిత్రి, జమున, ఎస్వీ రంగారావు. ఇంతమంది మహామహులుండగా సినిమా పేరు మాత్రం గుండమ్మది! నెత్తిన పెట్టుకునే హీరోలిద్దరినీ పక్కన పెట్టి, ఓ గయ్యాళి వితంతువు పేరుతో సినిమా తీయడానికి నాగిరెడ్డి, చక్రపాణి వెనకాడలేదు. ఆ ధైర్యం సూర్యకాంతాన్ని చూసుకునే.

సవతి కూతురు లక్ష్మిని పనిమనిషి చేసి, సొంత కూతురు సరోజను నెత్తికెక్కించుకున్న గుండమ్మను సినిమా సగందాకా తిట్టుకోని వాళ్లుండరు. ఆ తర్వాత ఛాయాదేవి వేసిన దుర్గమ్మ ఆ ఇంట్లో అడుగు పెడుతుంది. గుండమ్మను మించిన గయ్యాళి ఆవిడ. తన ఇంట్లోనే తాను పడరాని పాట్లు పడుతూ గుండమ్మ బిక్కుబిక్కుమంటుంటే... అప్పటిదాకా శాపనార్థాలు పెట్టిన ప్రేక్షకులే అయ్యో పాపం అన్నారు. అదే నటి, అదే పాత్ర, అదే సినిమా. కసినీ జాలినీ రెంటినీ పుట్టించింది ఒక్క మనిషే.

‘మాయాబజార్’ (1957) చూసినవారికి ఇదేం కొత్త కాదు. అందులో ఆమె హిడింబి. ఘటోత్కచుడు ఎస్వీ రంగారావు ఆమెకంటే ఆరేళ్లు పెద్ద! అయినా ఆ కొండంత కొడుకు తల్లి మాటకు తలొగ్గుతుంటే ఎవరికీ అనుమానం రాదు. అరుపుల్లేవు, ఎత్తిపొడుపుల్లేవు. కొడుకును చూసి మురిసిపోయే నిండైన తల్లి. ఇలాంటి పాత్రలు ఇంకొన్ని దొరికి ఉంటే ఆమె పేరు మరోలా మిగిలేదేమో.

తెర దిగితే...
తెరమీద కోడళ్లకు ముద్ద పెట్టని ఈ అత్తగారు, షూటింగ్‌కు వస్తే యూనిట్లో అందరికీ పండగే. ఇంటి దగ్గర రకరకాలుగా వండించి తెచ్చి, పెద్దాచిన్నా లేకుండా కొసరి కొసరి వడ్డించేవారని ఆమెతో పనిచేసినవారంతా చెప్పేవారు. న్యాయరంగానికి చెందిన పెద్దిభొట్ల చలపతిరావును 1950లో పెళ్లి చేసుకున్నారు. పిల్లలు లేరు. అక్క కొడుకును దత్తత తీసుకుని పెంచుకున్నారు. తెరమీద సవతి బిడ్డల్ని రాచిరంపాన పెట్టిన మనిషి, ఇంట్లో కడుపున పుట్టని బిడ్డకు అమ్మయ్యారు.

ఇంత చక్కని పేరును ఎవరూ పెట్టుకోకుండా చేసేశారని గుమ్మడి లాంటి సహనటులు ఆమెను సరదాగా నిష్ఠూరమాడేవారట. ఆ మాటలో మెప్పు ఎంతుందో నొప్పీ అంతే ఉంది. ఎదురుపడితే ఆడవాళ్లు జంకుతుంటే, ఆమె పలకరింపు కోసం చేరాల్సినవాళ్లు పక్కకు తప్పుకుంటుంటే, ఏ మనిషికైనా ఎలా ఉంటుంది? అయినా గొంతు తగ్గించలేదు, ఎడమచెయ్యి దించలేదు. జనం తిడుతున్నారంటే పాత్ర పండినట్లే.

తిరుపతిలోని మహిళా విశ్వవిద్యాలయం ఆమెను గౌరవ డాక్టరేట్‌తో సత్కరించింది. పద్మ పురస్కారం మాత్రం ఆమె గడప తొక్కలేదు. 1994 డిసెంబరులో సూర్యకాంతం కన్నుమూశారు. 2024లో ఆమె శతజయంతి కూడా వచ్చి వెళ్లింది.

‘గుండమ్మ కథ’ను నందమూరి, అక్కినేని వారసులతో మళ్లీ తీయాలన్న మాట చాలాసార్లు వినిపించింది. హీరోలు దొరికారు. హీరోయిన్లూ దొరుకుతారు. ‘మరి గుండమ్మ ఎవరు?’ అన్నచోటికి వచ్చేసరికి అందరూ తలలు గోక్కున్నారు. ఈలోగా 2019లో ‘సూర్యకాంతం’ అనే సినిమా వచ్చింది. అందులో ఆ పేరు అత్తగారిది కాదు... ఈ కాలపు అల్లరి కథానాయికది! ఊళ్లో నామకరణాల మాట ఎలా ఉన్నా, తెరమీద ఆ పేరున్న అమ్మాయిని చూసి ఈసారి ఎవరూ ‘అమ్మో’ అనలేదు.