దేవనకొండ పెరట్లో ఉర్లగడ్డ: రాత్రి చలి, పొరుగు చేనులోని టమాట

కర్నూలు జిల్లా పశ్చిమ మండలాల్లో ఉర్లగడ్డ వండని ఇల్లు అరుదు. పండించే ఇల్లు అంతకంటే అరుదు. దేవనకొండ, ఆస్పరి, పత్తికొండ ప్రాంతాల పెరళ్లలో వంగ, మిరప, గోరుచిక్కుడు, టమాట కనిపిస్తాయి గాని బంగాళాదుంప కనిపించదు. ఇటీవల మిద్దెతోటల ప్రచారంతో గోనె సంచుల్లోనూ బకెట్లలోనూ దీనిని పెంచవచ్చునా అన్న ప్రశ్న విస్తరణ శాస్త్రవేత్తలకు ఎదురవుతోంది. పెంచవచ్చును. అయితే ఈ ప్రాంతానికి సంబంధించినంత వరకు సమాధానం సంచిలోనో ఎరువులోనో లేదు. ఒకటి, రాత్రి ఉష్ణోగ్రతలో ఉంది. రెండవది, పొరుగు చేనులోని టమాట పంటలో ఉంది.

బంగాళాదుంప మొక్క వేడిలోనూ ఏపుగా పెరుగుతుంది. ఆ ఏపే పెంచేవారిని మోసగిస్తుంది. దుంప కట్టడానికి రాత్రి ఉష్ణోగ్రత 15 నుండి 20 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండటం అనుకూలం. అది 20 డిగ్రీలు దాటేకొద్దీ ఆకుల్లో తయారైన పిండిపదార్థం శ్వాసక్రియకు, కాండం పెరుగుదలకు ఖర్చవుతుంది. భూగర్భ శాఖల చివరలు దుంపలుగా ఉబ్బవు. దుంప కట్టమని ఆకు నుండి వేరుభాగానికి చేరే సంకేతం ఎస్‌పి6ఎ అనే ప్రోటీన్ అని 2011లో వెల్లడైంది. అధిక ఉష్ణోగ్రతలో దాని ఉత్పత్తి తగ్గిపోతుందని తరువాతి పరిశోధనలు చూపాయి. ఎరువు పెంచితే ఈ లోపం తీరదు; నత్రజని అధికమైతే ఆకు మరింత పెరిగి, దుంప మరింత ఆలస్యమవుతుంది.

పలమనేరు, పుంగనూరు ప్రాంతాల్లో ఉర్లగడ్డ సాగు కావడానికి అక్కడి ఎత్తైన నేలల చల్లదనం ముఖ్య కారణం. దేవనకొండకు ఆ ఎత్తు లేదు. ఇక్కడ చలి అన్నది డిసెంబరు, జనవరి నెలలు ఇచ్చే కొద్దిపాటి గడువు మాత్రమే. నాటిన సుమారు 5 వారాలకు దుంప కట్టడం మొదలవుతుంది కనుక ఆ దశ డిసెంబరులో పడేటట్లు లెక్క వేసుకోవాలి. నవంబరు మొదటి పక్షంలో నాటి, ఫిబ్రవరి మొదటి పక్షానికి తవ్వుకోవడం క్షేమం. సంక్రాంతికి నాటిన మొక్క ఎంత పచ్చగా ఉన్నా మార్చి వేడిలో గోలీలంత కాయలకే పరిమితమవుతుంది. సిమ్లాలోని కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ 2006లో విడుదల చేసిన కుఫ్రి సూర్య రకం వేడిని కొంత తట్టుకుంటుంది. విత్తనం లభిస్తే దానికే ప్రాధాన్యమివ్వాలి. అయినా నాటే తేదీని అది రద్దు చేయదు.

కుండీ విషయంలో ఒక అపోహ బలంగా ఉంది. టైర్లను ఒకదానిపై ఒకటి పేర్చి, మొక్క పెరిగేకొద్దీ మట్టి నింపుతూ పోతే ప్రతి అంతస్తులోనూ దుంపలు వస్తాయన్నది ఆ నమ్మకం. సాధారణ రకాల్లో దుంపనిచ్చే శాఖలు విత్తన దుంపకు కాస్త పైన ఉన్న కణుపుల నుండే, అదీ తొలి వారాల్లోనే బయలుదేరుతాయి. మట్టి ఎగదోయడం అవసరమే. కాని అది దుంపలకు వెలుతురు తగలకుండా కాపాడటానికి. వెలుతురు తగిలిన దుంప పచ్చబడి సొలనిన్ అనే విషపదార్థాన్ని పెంచుకుంటుంది, అది తినరాదు. కాబట్టి 30 నుండి 40 సెంటీమీటర్ల లోతున్న సంచి చాలు, 15 నుండి 20 లీటర్ల మట్టికి ఒక్క దుంప చాలు. నల్లని ప్లాస్టిక్ సంచి మధ్యాహ్నపు ఎండకు అంచు మట్టిని వేడెక్కిస్తుంది. తడి గోనె సంచి చల్లగా ఉంటుంది. పడమటి ఎండ తగలని గోడవార దానికి తగిన చోటు.

నేలలో పెంచేవారికి ఎర్ర నేల అనుకూలం. నల్లరేగడి తడిస్తే బిగుసుకుంటుంది, ఆరితే నెర్రెలిచ్చి దుంపను బయటపెడుతుంది. అక్కడ ఎత్తైన బోదె తప్పదు. బోదెపై జొన్న చొప్పను ముక్కలు చేసి పరిస్తే మట్టి చల్లగా ఉంటుంది. నీరు ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ అయితే దుంప పగులుతుంది లేదా బొడిపెలు వేస్తుంది. తవ్వడానికి పది రోజుల ముందు నీరు ఆపితే తొక్క గట్టిపడుతుంది. మొక్కకు అర కిలో వస్తే ఈ ప్రాంతానికి మంచి ఫలితమనే చెప్పాలి.

ఇక టమాట. బంగాళాదుంప, టమాట, వంగ, మిరప ఒకే కుటుంబానికి చెందినవి. రాల్‌స్టోనియా సొలనేసియారం అనే బాక్టీరియా వల్ల వచ్చే ఎండు తెగులు వీటికి ఉమ్మడి శత్రువు. ధృవీకరించిన విత్తనం చిన్న మొత్తాల్లో దొరకక పెరటి సాగుదారులు సంతలో కొన్న దుంపనే మొలకెత్తించి నాటుతారు. అటువంటి దుంప పైకి నిగనిగలాడుతూ లోపల ఈ బాక్టీరియాను మోసుకురాగలదు. సంచిలో రెండు మొక్కలు వాడితే నష్టం స్వల్పం. ఆ సంచి మట్టిని టమాట చేనులో కుమ్మరించినా, ఆ నీరు కాలువలో కలిసినా నష్టం వేరు. నేలలో చేరిన ఈ బాక్టీరియా ఏళ్ల తరబడి నిలుస్తుంది. దానిని పూర్తిగా తొలగించే మందు లేదు. పత్తికొండ మార్కెట్లో ధర పడిపోయినప్పుడు టమాటను రోడ్డుపై పారబోసుకునే రైతుకు, ధర పలికిన ఏడాది కూడా చేను ఎండిపోవడం భరించరానిది. పెరటి సరదాకు అంత వెల ఉండరాదు.

నాటే ముందు ఒక దుంపను అడ్డంగా కోసి చూడాలి. తొక్కకు లోపలగా గోధుమరంగు వలయం ఉండి, నొక్కితే తెల్లని జిగురు ఊరితే ఆ దుంపలన్నిటినీ నాటడం మానాలి. వండిన తొక్కలను, కడిగిన నీటిని కూడా చేను వైపు పోనివ్వరాదు. కోత బాగున్నంత మాత్రాన తెగులు లేదని కాదు కనుక 30 నుండి 50 గ్రాముల దుంపలను కోయకుండా నాటడమే మేలు. కత్తి ఒక దుంప నుండి మరొక దానికి తెగులును అంటిస్తుంది. ఆకు పచ్చగా ఉండగానే మొక్క వాడితే కాండాన్ని కోసి గాజు గ్లాసులోని నిర్మలమైన నీటిలో వేలాడదీయాలి. కొద్ది నిమిషాల్లో పాలదారం వంటి స్రావం దిగితే అది బాక్టీరియా తెగులే. అటువంటి మొక్కను యెమ్మిగనూరు సమీపంలోని బనవాసి కృషి విజ్ఞాన కేంద్రం శాస్త్రవేత్తలకు చూపి నిర్ధారించుకోవచ్చు. మొక్కను మట్టితో సహా తీసి, చేనుకు దూరంగా కాల్చివేయాలి లేదా లోతుగా పూడ్చాలి.

చలిమంచు కురిసే ఉదయాల్లో ఆకులపై నీటితో తడిసినట్లు మచ్చలు పడి, అడుగున తెల్లని బూజు కనిపిస్తే అది లేట్ బ్లైట్; టమాటకూ అంటుతుంది. ఆ ఆకులను వెంటనే తీసివేయాలి. దుంప తీసిన చోట తరువాతి రెండు మూడేళ్లు టమాట, వంగ, మిరప వేయకుండా జొన్న లేదా ఉల్లి వేసుకోవాలి. సంచి మట్టిని పారబోయక, అదే సంచిలో మెంతి, కొత్తిమీర పెంచుకోవచ్చు.