రొట్టె మీద పడ్డ నేరం

జొన్నల మీద ముఖచిత్ర కథనం కావాలన్నారు సంపాదకులు. ఆరోగ్యం, వంటలు, రైతులు అన్నీ రావాలి, గురువారం సాయంత్రానికి పేజీలు ప్రెస్సుకు వెళ్లిపోవాలి. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించినప్పటి నుంచి జొన్నరొట్టెకు పట్టిన భోగం తెలిసిందే. దాని మీద నాలుగు పేజీలు నింపడం పెద్ద పనేమీ కాదు. కానీ పాత కాగితాలు తిరగేస్తుంటే 1960 నాటి ‘లాన్సెట్’ వైద్య పత్రికలోని ఒక వ్యాసం చేతికి తగిలింది. పేరు ‘లూసిన్ అండ్ పెల్లగ్రా’. రాసినవారు సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య. గట్టిగా నాలుగు పేజీలు లేదు. హైదరాబాద్‌ రోగులను చూసి రాసింది. అందులో ముద్దాయి మన జొన్నే.

జొన్నరొట్టె అంటే నాకు మక్కువ, ముందే చెప్పేస్తున్నా. కాబట్టి ఈ కేసులో నన్ను తటస్థుడిగా లెక్కవేయకండి.

ఆ రోజుల్లో ఉస్మానియా జనరల్ ఆసుపత్రికి ఒక రకం రోగులు వస్తుండేవారు. అందరూ పేదలు, ఎండలో పనిచేసేవాళ్లు. మెడ చుట్టూ హారం వేసినట్టు చర్మం నల్లబడి పొలుసులు లేచేది. ముంజేతుల మీదా పాదాల మీదా కూడా అంతే, ఎండ తగిలినంత మేరే, గుడ్డ కప్పినచోట ఏమీ ఉండదు. తర్వాత నాలుక పూసి ఎర్రబడటం, విరేచనాలు, నిద్ర పట్టకపోవడం, చివరికి మతి స్థిమితం తప్పడం. నగరంలోని జనరల్ ఆసుపత్రుల్లో చేరేవాళ్లలో సుమారు 1 శాతం, మానసిక చికిత్సాలయంలో చేరేవాళ్లలో కొన్ని కాలాల్లో 8 నుంచి 10 శాతం దాకా ఈ జబ్బువాళ్లేనని గోపాలన్ బృందం ఆ తర్వాత రాసింది. ఈ రెండో అంకె దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. పిచ్చి అని ఇంట్లోవాళ్లు తీసుకొచ్చి అప్పగించినవాళ్లలో కొందరి జబ్బు కంచంలో ఉందన్నమాట. నికోటినిక్ ఆమ్లం (నయాసిన్ అన్నా ఇదే) మాత్రలు ఇస్తే విరేచనాలూ మతిభ్రమా కొద్ది రోజుల్లోనే నెమ్మదించేవి.

మందు తెలుసు, జబ్బు పేరూ తెలుసు, పెల్లగ్రా. అర్థం కానిది వేరే. పెల్లగ్రా అంటే మొక్కజొన్న తినేవాళ్ల జబ్బని ప్రపంచమంతా అప్పటికే తీర్మానించింది. ఇక్కడి రోగులు తినేది మొక్కజొన్న కాదు, జొన్న. పొద్దున రొట్టె, రాత్రి రొట్టె, కుదిరితే గటక.

ఇక్కడ నా బల్ల మీదున్న రెండో కాగితం చూడాలి. ఇదీ గోపాలన్ పేరున్నదే. భారతీయ ఆహారాల పోషక విలువల పట్టిక, జాతీయ పోషకాహార సంస్థ 1971లో తెచ్చింది. వంద గ్రాముల జొన్నలో ప్రొటీన్ 10.4 గ్రాములు, నయాసిన్ 3.1 మిల్లీగ్రాములు. మరపట్టిన పచ్చిబియ్యంలో ప్రొటీన్ 6.8 గ్రాములు, నయాసిన్ 1.9 మిల్లీగ్రాములు. నయాసిన్ తక్కువైతేనే పెల్లగ్రా వస్తుందనుకుంటే, అన్నం తినేవాళ్లకే ముందు రావాలి. వాళ్లకు రాదు, రొట్టె తినేవాళ్లకు వస్తుంది! ఒకే ఆసుపత్రికి వచ్చే ఒకే రకం పేదల్లో ఇంత తేడా ఏమిటి?

శరీరం ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచి కూడా నయాసిన్ చేసుకుంటుంది. 60 మిల్లీగ్రాములకు ఒక మిల్లీగ్రాము చొప్పున. జొన్నలో ట్రిప్టోఫాన్‌కూ బియ్యంతో పోలిస్తే పెద్ద కరువేం లేదు. మొక్కజొన్నలోలాగా నయాసిన్ ఒంటికి పట్టకుండా బిగుసుకుపోయి ఉంటుందా అంటే, అదీ కాదని ఈ బృందమే తేల్చింది. ఇక మిగిలింది ఒక్కటే. లేనిదాని కోసం వెతకడం మానేసి, ఎక్కువైనది ఏమిటో చూడటం. మొక్కజొన్నలోనూ జొన్నలోనూ ఉమ్మడిగా కనిపించింది మరో అమైనో ఆమ్లం, లూసిన్. రెంటిలోనూ అది బాగా ఎక్కువ, బియ్యంలో అంత లేదు. వ్యాసం మొత్తానికి నాకు నచ్చిన మలుపు ఇదే. పోషకాహార లోపం అంటే ఏదో తక్కువ కావడమేనని అందరూ వెతుకుతున్నచోట, వీళ్లు ఎక్కువైనదాన్ని అనుమానించారు.

అనుమానాన్ని పరీక్షించిన తీరులో ఆర్భాటం లేదు. మనుషులకు లూసిన్ ఇవ్వడం, 24 గంటల మూత్రాన్ని చుక్క పోకుండా పట్టడం, నయాసిన్ విరిగి బయటికొచ్చే పదార్థాన్ని కొలవడం. లూసిన్ ఇచ్చినప్పుడు ఆ లెక్క మారింది. ఆ తర్వాత ఎర్ర రక్తకణాలను పట్టుకున్నారు. నికోటినిక్ ఆమ్లం నుంచి కణం తనకు కావలసిన సహఎంజైమ్‌ను చేసుకునే పనికి లూసిన్ అడ్డుపడుతోందన్నారు. భవాని బెలవాడి తదితరులు కుక్కల మీద చూశారు. కుక్కలకు వచ్చే పెల్లగ్రాను నల్లనాలుక జబ్బంటారు. జొన్నతో అది వచ్చింది, లూసిన్ కలిపిన తిండితోనూ వచ్చింది, లూసిన్ తక్కువున్న జొన్నతో రాలేదు. 1971లో కమలా కృష్ణస్వామి, గోపాలన్ కలిసి ‘లాన్సెట్’లోనే ఇంకో వ్యాసం రాశారు. లూసిన్‌కు విరుగుడుగా ఐసోలూసిన్ అనే మరో అమైనో ఆమ్లం ఇస్తే పెల్లగ్రా రోగుల చర్మమూ, మెదడు విద్యుత్ తరంగాల నమోదూ మెరుగయ్యాయని అందులో ఉంది.

(చరిత్ర కూడా రాయమన్నారు కనుక గబగబా. అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున ఉన్న పాత ఆసుపత్రి 1908 వరదల్లో పోయింది. ఏడో నిజాం హయాంలో, 1920లలో, ఇప్పుడు మనం చూసే ఉస్మానియా గుమ్మటాల భవనం లేచింది. గోపాలన్ బృందం పనిచేసిన పోషకాహార పరిశోధన శాలలు, వాటిని నెలకొల్పిన మెకారిసన్ కాలంలో, 1918లో, కూనూరులో మొదలై 1958లో హైదరాబాద్‌కు తరలాయి. 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయ్యాయి. పరిశోధన శాల ఒక చోట, రోగులు ఉస్మానియా వార్డులో. ఈ పొత్తు లేకపోతే పై కథే లేదు.)

మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో, బాబుపేట్‌లో మా చిన్నమ్మ ఉంటుంది. బొగ్గు గనుల పనికని వెళ్లి అక్కడే స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లో వాళ్లదీ ఒకటి. ఫోన్లో ఈ వ్యాసం సంగతి చెబితే ఆమె నవ్వింది. ‘జొన్నరొట్టె తింటే పిచ్చి లేస్తదా బిడ్డా? ఉత్త రొట్టె ఎవడు తింటడు? పప్పుండాలె, పుండికూరుండాలె.’ ఉత్త రొట్టె తినేవాడు ఉండేవాడు చిన్నమ్మా. రొట్టె, మిరపకాయ తొక్కు, ఉల్లిగడ్డ. ఆ మనిషికే ఈ జబ్బు వచ్చింది. పప్పు, పాలు, మాంసం అందేవాళ్లు అదే జొన్న తిని నిక్షేపంగా ఉన్నారు. అన్నం కంచానికీ రొట్టె కంచానికీ మధ్య గీతకు ఆమె జిల్లాయే మంచి పటం. చంద్రపూర్ తూర్పు వైపు, మూల్, బ్రహ్మపురి దిక్కు, వరి నేల. పడమటి వైపు, వరోరా, రాజురా దిక్కు, పత్తీ జొన్నా పండే నల్లరేగడి. రాజురా తాలూకా 1956 దాకా మన ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది. సరిహద్దు మారినా కంచం మారలేదు. అటు ఠేచా, ఇటు తొక్కు, మధ్యలో అదే రొట్టె.

లూసిన్ సిద్ధాంతం ఇంత చక్కగా కుదిరింది కదా, ప్రపంచం ఒప్పుకుందా అంటే, పూర్తిగా లేదు. 1970లలో బయటి పరిశోధకులు కొందరు అదే ప్రయోగం చేసి అదే ఫలితం రాబట్టలేకపోయారు. 1978లో మాన్సన్, కార్పెంటర్ కుక్కల మీద చేసినప్పుడు లూసిన్ ప్రభావం కనిపించలేదు. నిల్వ ధాన్యం మీది బూజు విషాలను అనుమానించినవాళ్లూ ఉన్నారు. హైదరాబాద్ బృందం వెనక్కి తగ్గలేదు, బి6 విటమిన్‌ను కూడా లెక్కలోకి తెచ్చింది. వాదన తెగకముందే రోగులు తగ్గిపోవడం మొదలైంది. 1983లో ఆంధ్రప్రదేశ్‌లో కిలో 2 రూపాయల బియ్యం వచ్చింది. జొన్న చేలు తగ్గాయి, బోర్ల కింద వరి పెరిగింది. పేదవాడి కంచంలో రొట్టె పక్కన అన్నం చేరి, తర్వాత రొట్టెనే పక్కకు నెట్టింది. లూసిన్ తక్కువుండే జొన్న రకాలను వెతికే ప్రయత్నం అప్పటికి జరుగుతూనే ఉంది. ఆ గింజతో తీరాల్సిన అవసరం రేషన్ బియ్యంతో తీరిపోయింది.

నా మటుకు నాకు లూసిన్ లెక్క అబద్ధమనిపించడం లేదు, పూర్తి నిజమనీ అనిపించడం లేదు. అది ఒంటరి కంచాన్ని మరింత ప్రమాదకరం చేసి ఉంటుంది. ఇవాళ సూపర్ మార్కెట్‌లో ‘మల్టీ మిల్లెట్’ పొట్లం కొని, పెరుగూ పప్పూ గుడ్డూ పక్కన పెట్టుకుని తినేవాళ్లకు ఈ వ్యాసం చూసి భయపడాల్సిన పనేమీ లేదు. వాళ్లు తినేది 1960 నాటి ఉస్మానియా రోగి తిన్న తిండి కాదు.

బాక్సు: రోగి పొలుసులు మింగిన డాక్టరు

పెల్లగ్రా అంటువ్యాధి అని అమెరికా నమ్ముతున్న కాలంలో ప్రభుత్వ వైద్యుడు జోసెఫ్ గోల్డ్‌బర్గర్ ఒప్పుకోలేదు. 1915లో మిసిసిపీ జైలు పొలంలో క్షమాభిక్ష ఆశ చూపి, స్వచ్ఛందంగా వచ్చిన ఖైదీలకు మొక్కజొన్న ప్రధానమైన తిండి పెట్టాడు. వాళ్లలో 6 మందికి పెల్లగ్రా వచ్చింది. మరుసటి ఏడాది తానూ సహచరులూ రోగుల రక్తం ఎక్కించుకుని, పొలుసులూ మలమూత్రాలూ మాత్రలుగా చుట్టి మింగారు; భార్య రక్తం మాత్రమే ఎక్కించుకుంది. ఎవరికీ అంటుకోలేదు. 1937లో విస్కాన్సిన్‌లో కాన్రాడ్ ఎల్వెజెమ్ నికోటినిక్ ఆమ్లంతో నల్లనాలుకను నయం చేసేనాటికి గోల్డ్‌బర్గర్ లేడు. మెక్సికోలో మాత్రం మొక్కజొన్నను సున్నపు నీళ్లలో ఉడికించి రొట్టె చేసే అలవాటు తరతరాలుగా ఉంది. దాంతో బిగుసుకున్న నయాసిన్ విడివడుతుంది కనుక అక్కడ ఈ జబ్బు బెడద అంతగా లేదు.

బాక్సు: ఇప్పుడు ఎవరికి?

ఇప్పుడు వార్డుల్లో పెల్లగ్రా కనబడితే డాక్టర్లు అడిగే మొదటి ప్రశ్నల్లో జొన్న కంటే ముందు మద్యం ఉంటుంది. తిండి మానేసి తాగేవాళ్లకు వస్తుంది. క్షయకు ఐసోనియాజిడ్ వాడేవాళ్లలో, తిండి సరిగా లేకపోతే, అరుదుగా వస్తుంది. పేగుల జబ్బులతో ఒంటికి ఏదీ పట్టనివాళ్లకూ రావచ్చు. గుర్తులు మాత్రం అవే: మెడ చుట్టూ నల్లని హారం, ఎండ తగిలిన చేతులు, విరేచనాలు, మతిమరుపు. మందూ దాదాపు అదే, నయాసిన్‌కే మరో రూపమైన చవకైన నికోటినమైడ్ మాత్ర.