పాత లోహపు డ్రమ్ముకు తిరిగి పలుకు తెప్పించటం

పోలీసు బ్యాండు కవాతు చేసేటప్పుడు, పెండ్లి ఊరేగింపులో బ్యాండు మేళం నడిచేటప్పుడు, పెద్ద డ్రమ్ము గంభీరంగా మ్రోగుతుంటే దాని ప్రక్కన చిటపటమని పలికే చిన్న డ్రమ్మును వినని వారుండరు. దీనిని సైడ్ డ్రమ్ము అని, పాశ్చాత్య వాద్యబృందాలలో స్నేర్ డ్రమ్ము అని అంటారు. ఇది పొట్టి పీపా వంటి వాద్యం. పైన ఒక మూత, క్రింద ఒక మూత ఉంటాయి. క్రింది మూతకు ఆనుకొని సన్నని ఉక్కు తీగచుట్లు వరుసగా అమర్చబడి ఉంటాయి. ఈ తీగలకే స్నేర్లు అని పేరు.

ఇత్తడి, ఉక్కు, అల్యూమినియంలతో చేసిన పాత డ్రమ్ములంటే వాద్యకారులకు ఎంతో మక్కువ. 1909లో షికాగోలో ప్రారంభమైన లడ్విగ్ సంస్థవారు 1960 దశకంలో తయారుచేసిన సుప్రాఫోనిక్ డ్రమ్ము ఇందుకు మంచి ఉదాహరణ. దాని పీపా అల్యూమినియంతో చేసినది. పైన క్రోమియం పూత ఉన్నది. వ్యాసం 14 అంగుళాలు. ఒక్కొక్క మూతను బిగించటానికి 10 మరలు ఉన్నాయి. ఇటువంటి వాద్యం అరవై ఏండ్ల తరువాత చేతికి వచ్చినప్పుడు పూత మాసి, పలుకు మొద్దుబారి ఉండటం సహజం. చాలామంది వెంటనే మెరుగుపెట్టటానికి పూనుకుంటారు. కాని మెరుపు వేరు, పలుకు వేరు. మెరుపు కోసం తొందరపడి చేసే హాని కొన్నిసార్లు సరిదిద్దరానిది. అందుచేత ఏ భాగం ఏ పని చేస్తుందో ముందు తెలుసుకోవలెను.

ధ్వని ఎక్కడ పుడుతుంది?

కర్రతో కొట్టినప్పుడు పై మూత కంపిస్తుంది. లోపలి గాలి ఆ కదలికను క్రింది మూతకు అందజేస్తుంది. క్రింది మూత తీగలను ఎగురగొడుతుంది. అవి తిరిగి వచ్చి మూతను తాకినప్పుడు చిటపట ధ్వని పుడుతుంది. పీపా కూడా కంపిస్తుంది గాని, మూతలతో పోలిస్తే ఆ కంపనం చాలా స్వల్పం. మూతలను చదునుగా, గట్టిగా పట్టి ఉంచటమే దాని ముఖ్యమైన పని.

అంతటా ఒకే మందం గల గుండ్రని మూత కంపించినప్పుడు పుట్టే స్వరాల పౌనఃపున్యాలు సిద్ధాంతరీత్యా 1, 1.59, 2.14, 2.30 అనే నిష్పత్తిలో ఉంటాయి. ఇవి పూర్ణసంఖ్యలు కావు కనుక ఈ డ్రమ్ముకు స్పష్టమైన శ్రుతి లేదు. మృదంగంలో మూత నడుమ పెట్టే నల్లని కరణి ఈ నిష్పత్తులను దాదాపు పూర్ణసంఖ్యలకు తెస్తుంది. ఈ విషయాన్ని సర్ సి. వి. రామన్ 1920లోనే వెల్లడించారు.

ముందు లోహాన్ని గుర్తించాలి

అయస్కాంతం అంటుకుంటే పీపా ఉక్కుది. అంటుకోకపోతే ఇత్తడిదో అల్యూమినియందో కావచ్చు. చేతితో ఎత్తి చూస్తే తేడా తెలుస్తుంది. ఇత్తడి సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 8.5 గ్రాములు, అల్యూమినియం సాంద్రత 2.7 గ్రాములు మాత్రమే.

అల్యూమినియంపై గాలి సోకగానే పలుచని ఆక్సైడు పొర ఏర్పడుతుంది. అందువల్ల దానిపై ఇతర లోహపు పూత గట్టిగా అంటుకోవటం కష్టం. పూతలోని సన్నని రంధ్రాలగుండా చెమటలోని ఉప్పు, తేమ లోపలికి పోతే, రెండు లోహాల నడుమ చిన్న విద్యుద్ఘటం ఏర్పడుతుంది. అల్యూమినియం తినివేయబడి తెల్లని పొడిగా మారి, పూతను పైకి నెడుతుంది. ఈ గుంటలను ఏ మెరుగూ పూడ్చలేదు. గోకితే పూత మరింత ఊడుతుంది. మెత్తని గుడ్డను సబ్బు నీటితో తడిపి తుడిచి, వెంటనే ఆరబెట్టి, పలుచగా మైనం పూయటమే తగిన పని. పలుకుకు ఈ మచ్చల వల్ల చెప్పుకోదగిన నష్టం లేదు.

ఇత్తడి బిందెలను చింతపండుతో తోమటం మనకు అలవాటు. అందులోని ఆమ్లం ఆక్సైడును కరిగిస్తుంది. పూత లేని ఇత్తడికి అది సరిపోతుంది గాని, పూత ఉన్న పీపాకు పనికిరాదు. ఆమ్లం రంధ్రాలలో నిలిచి లోపలి లోహాన్ని తింటుంది. అమోనియా కలిసిన ద్రావణాలను ఇత్తడికి అసలే వాడరాదు. పూర్వం భారతదేశంలోని బ్రిటిష్ సైన్యం తూటాలను గుర్రపుశాలలలో నిల్వ ఉంచినప్పుడు, వాటి ఇత్తడి తొడుగులు వానకాలంలో వాటంతట అవే పగిలేవి. వంచి, సాగదీసి చేసిన ఇత్తడిలో మిగిలిన ఒత్తిడి, అమోనియా, ఈ రెండూ కలిసి పగుళ్ళు తెస్తాయని 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్సన్ అనే పరిశోధకులు వివరించారు. రేకును వంచి చేసిన ఇత్తడి పీపాకు కూడా ఈ ప్రమాదం ఉన్నది.

ఉక్కు వలయాలపై ఉన్న క్రోమియం పూతకు కొద్దిగా తుప్పు పడితే, అల్యూమినియం కాగితాన్ని నలిపి, నీటితో తడిపి రుద్దవచ్చు. అల్యూమినియం క్రోమియం కంటె మెత్తనిది కనుక పూతపై గీతలు పడవు.

అంచు, మూతలు

మూత ఆనే అంచు చదునుగా ఉండాలి. మూతలు తీసిన పీపాను దళసరి అద్దపు పలకపై నిలిపి, చీకటి గదిలో లోపల దీపం వెలిగించి చూడండి. అంచు క్రింద వెలుతురు కారిన చోట పల్లం ఉన్నట్లు. అయితే క్రింది అంచులో తీగలు దాటిపోయే రెండు చోట్ల తక్కువ లోతు గల పల్లాలు కావాలనే చేస్తారు. తీగలు మూతకు సరిగా ఆనటానికి అవి అవసరం. వాటిని లోపమని తలచి ఆకురాయితో సరిచేస్తే వాద్యం చెడిపోతుంది.

పూర్వం మూతలు దూడతోలుతో చేసేవారు. తేమకు అవి సడలిపోయేవి. 1957 ప్రాంతం నుండి పాలియెస్టరు పొరలు వాడుకలోకి వచ్చాయి. ఇవి కూడా ఏండ్ల తరబడి దెబ్బలు తిని, నడుమ గుంటపడి, సాగిపోతాయి. మొద్దు పలుకుకు తరచు కారణం ఇదే. పై మూతకు సుమారు 0.25 మిల్లీమీటరు, క్రింది మూతకు 0.08 మిల్లీమీటరు మందం సాధారణం.

సమానమైన బిగింపు

పౌనఃపున్యం తన్యత యొక్క వర్గమూలానికి అనులోమానుపాతంలో ఉంటుంది. స్వరం రెట్టింపు కావాలంటే తన్యత నాలుగు రెట్లు కావాలి. మరలను వరుసగా కాక, ఒకదాని తరువాత దానికి ఎదురుగా ఉన్నదానిని, కొద్దికొద్దిగా త్రిప్పాలి.

రెండవ రకపు కంపనంలో మూత ఒక వ్యాసరేఖ వెంట రెండు భాగాలై, ఒక సగం పైకి లేచినప్పుడు రెండవ సగం క్రిందికి పోతుంది. బిగింపు అంతటా సమానమైతే ఈ రేఖ ఏ దిశలో ఉన్నా పౌనఃపున్యం ఒక్కటే. అసమానమైతే రెండు లంబదిశలకు రెండు పౌనఃపున్యాలు వస్తాయి. అవి 300, 306 అయితే సెకండుకు 6 విస్పందనాలు పుట్టి, ధ్వని ఊగిసలాడుతుంది. మూత నడుమ వేలును తేలికగా ఆనించి, ప్రతి మర ఎదుట అంచుకు 4 సెంటీమీటర్ల దూరంలో తట్టి వినండి. వేలు మొదటి రకపు కంపనాన్ని అణచివేస్తుంది. రెండవ రకంలో నడిమి బిందువు కదలదు గనుక అది మిగిలి స్పష్టంగా వినిపిస్తుంది. అన్నిచోట్ల ఒకే స్వరం వచ్చేవరకు మరలను సరిచేయాలి.

చివరకు తీగలు. వంగినవీ సాగినవీ తీసివేసి క్రొత్తవి వేయాలి. మీటతో మరీ బిగిస్తే అవి మూతను విడిచి ఎగురలేవు. మెల్లగా కొట్టినప్పుడు చిటపట రాదు. మరీ వదులైతే ఆలస్యంగా మ్రోగి గలగలమంటాయి. మెల్లని దెబ్బకు కూడా పలికి, వెంటనే ఆగేంత బిగువు సరియైనది.

పాఠశాలలో దీనిని కంటితో చూపవచ్చు. క్రింది మూతను, తీగలను తీసివేసి, పై మూతపై సన్నని పొడి ఇసుక చల్లి, క్రింద లౌడుస్పీకరు ఉంచి, మొబైల్ ఫోనుతో స్వరాన్ని క్రమంగా పెంచండి. కదలని చోట్ల ఇసుక గీతలుగా పేరుకుంటుంది. బిగింపు అసమానమైతే దగ్గర దగ్గరగా ఉన్న రెండు పౌనఃపున్యాల వద్ద ఒకదానికొకటి లంబంగా రెండు గీతలు కనిపిస్తాయి. ఒక మరను కొద్దిగా త్రిప్పి మళ్ళీ చూస్తే, చెవికి వినిపించిన తేడా కంటికి కూడా కనిపిస్తుంది.