తొలి దూరపు సైకిలు ప్రయాణము

మూలపేట నుండి నౌపడ ఉప్పు మళ్ళ మీదుగా టెక్కలికి సైకిలుపై పోవుట ఆ ప్రాంతపు వారికి క్రొత్త గాదు. సంతకును, పనికిని పోవుచునే యుందురు. కాని టెక్కలి దాటి శ్రీకాకుళమునకు, అనగా మరి 50 కిలోమీటర్లు పోవలెనన్నచో ఉత్సాహమొక్కటే చాలదు. అట్టి తొలి ప్రయాణమునకు కావలసిన సన్నాహమును గూర్చి మేము నాలుగు మాటలు చెప్పదలచితిమి.

మొదట సీటు ఎత్తు చూడవలెను. సీటుపై కూర్చుండి, అడుగునకు వచ్చిన పెడలుపై మడమ నుంచినప్పుడు కాలు నిటారుగా చాగవలెను. సీటు తక్కువగా నున్నచో మోకాళ్లు నొచ్చును. బ్రేకులు, చైను, టైర్లు ముందునాడే సరిచూచుకొని, పంపు, పంక్చరు సామాను, స్పానరు వెంట నుంచుకొనవలెను.

శరీరమునకును అలవాటు కావలెను. తొలివారము 15 కిలోమీటర్లతో మొదలిడి, వారము వారము కొంచెము పెంచుచు, నెల పిమ్మట దూరమునకు సాహసింపవచ్చును.

శీతకాలమున ఈ తీరమున ఈశాన్యపు గాలి వీచును. శ్రీకాకుళమునకు పోవునప్పుడు అది వీపున తట్టి సాయపడును. మరలునప్పుడు అదియే ఎదురై నిలుచును. కావున సగము కంటె ఎక్కువ బలము తిరుగు దారికి మిగుల్చుకొనవలెను. తెల్లవారగనే బయలుదేరుట మేలు. 2023లో మూలపేట రేవునకు శంకుస్థాపన జరిగినది. జాతీయ రహదారిపై లారీలును మెండు. కావున ఎడమ అంచున పోవుచు, చీకటి పడకముందే ఇల్లు చేరవలెను.

అన్నిటికంటె ముఖ్యము నీరు. దాహము వేయకముందే కొంచెము కొంచెముగా త్రాగవలెను. చెమట ఎక్కువైనచో లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు సమముగా కొలిచి కలిపి త్రాగవచ్చును. ఒళ్లు నొప్పులకు మాత్రలు మ్రింగుట కొందరికి అలవాటు. ఒంటిలో నీరు తగ్గినప్పుడు అట్టి మాత్రలు మూత్రపిండములకు హాని చేయును. వేల కుటుంబములను ఆ వ్యాధి పీడించుచున్న ఉద్దానమున ఈ హెచ్చరిక చిన్నది గాదు. రక్తపోటు, మధుమేహము, మూత్రపిండముల జబ్బు గలవారు వైద్యునడిగిన పిదపనే బయలుదేరవలెను.

తల తిరిగినను, చెమట ఆగినను వెంటనే నీడకు చేరి సాయము కోరవలెను. దారి మధ్యలో మరలి వచ్చుట ఓటమి కాదు. శ్రీకాకుళము రేపును అక్కడనే యుండును.