ఆకాశదర్పణంలో అతిథులు

మల్లాపూర్, నాచారం ప్రాంతాల బడిపిల్లలకు ఫలక్‌నుమా అనే మాట మొదట ఒక రైలు పేరుగా తెలియడం సహజం. హౌరా మార్గంలో నడిచే ఆ రైలు వారికి దాపున ఉన్న చర్లపల్లి మీదుగానే పోతున్నది. ఆ పేరుకు మూలమైన మేడ మాత్రం నగరానికి దక్షిణాన, చార్మినారుకు సుమారు ఐదు కిలోమీటర్ల దూరంలో, ఒక గుట్టమీద ఉన్నది. ఫలక్ అంటే ఆకాశం. నుమా అంటే చూపునది. ఆకాశానికి అద్దం వంటిదని ఆ పేరుకు అర్థం చెబుతారు. ఒకనాటి రాజప్రాసాదం నేడు హోటలు. ఒక్క రాత్రి బసకు వేలకు వేలు వెచ్చింపగలవారికి అందులో గది లభిస్తున్నది.

సెలవులు గడపడానికి వచ్చిన అతిథికి అక్కడ జరిగే మర్యాద పూర్వపు దర్బారును తలపిస్తుంది. దిగువ ద్వారం నుండి గుట్టపైకి గుర్రపుబండిలో తీసుకొని పోతారు. మెట్లు ఎక్కుతుండగా పైనుండి గులాబీ రేకులు చల్లుతారు. సాయంకాలం భవనమంతా తిప్పి దాని కథ వినిపిస్తారు. చీకటి పడేసరికి పాతనగరపు దీపాలు కాళ్లక్రింద పరచుకొని ఉంటవి. ఇంతటి భోగం ఏ చరిత్ర మీద నిలిచి ఉన్నదో తెలుసుకొనడం విద్యార్థులకు అవసరం.

ఈ మేడను కట్టించినవాడు నిజాం కాదు. పాయెగా వంశీయుడైన నవాబు వికారుల్ ఉమ్రా. ఆయన ఆరవ నిజాం మహబూబ్ అలీఖానుకు బావ. 1893 నుండి 1901 వరకు హైదరాబాదు రాజ్యానికి ప్రధానమంత్రి. 1884లో పునాది పడగా, గోడలు లేచి, గదులు అలంకరింపబడి నివాసయోగ్యమయ్యేసరికి దాదాపు తొమ్మిది సంవత్సరాలు గడచినవి. ఇటలీ నుండి చలువరాయి వచ్చినది. ఇంగ్లండు నుండి ఆస్లర్ కంపెనీ వారి దీపగుచ్ఛాలు వచ్చినవి. గ్రంథాలయపు చెక్కడపు పైకప్పుకు విండ్సర్ కోటలోని గ్రంథాలయం ఒరవడి. భోజనశాలలో నూటొక్కమంది ఒకే బల్లచుట్టూ కూర్చుండవచ్చును. ఆకాశం నుండి చూచినచో భవనం తేలు ఆకారంలో కనబడుతుందని అంటారు.

అయితే ఆ తేలు మొదట కుట్టినది కట్టించినవానినే. ప్రధానమంత్రి సంపద ఎంత గొప్పదైనా, ఈ మేడ దానికి మించిపోయినది. ఆయన అప్పుల పాలైనాడు. నిజాం అతిథిగా వచ్చి భవనాన్ని మెచ్చుకొనగా, వికారుల్ ఉమ్రా దానిని ఆయనకే సమర్పించినాడని ప్రసిద్ధి. 1897 ప్రాంతంలో అది రాజు వశమైనది. కానుక అన్నా, గత్యంతరం లేక వదులుకొనడం అన్నా, తొమ్మిదేళ్లు కట్టించిన ఇంటిలో అన్నేళ్లయినా ఉండకుండానే యజమాని వెడలిపోయినాడు. 1902లో ఆయన గతించినాడు. ఆరవ నిజాం 1911లో ఈ భవనంలోనే కన్నుమూసినాడు.

ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాను కింగ్ కోఠీలో నివసించినాడు గాని ఇక్కడ కాపురం పెట్టలేదు. ఫలక్‌నుమా రాజ్యపు అతిథిగృహమైనది. 1948లో సంస్థానం భారతదేశంలో కలిసినది. 1951లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాదు విడిది చేసిన తరువాత చెప్పుకోదగిన అతిథి లేడు. నూటొక్కమందికి వడ్డించిన బల్ల దుమ్ము కప్పుకొని ఏళ్ల తరబడి పడి ఉన్నది. ఇల్లు కట్టడం ఒక ఎత్తు, దానిని నిలుపుకొనడం మరొక ఎత్తు అని ఈ మూసిన తలుపులు చెప్పకనే చెప్పినవి.

తలుపులు తిరిగి తెరిపించిన ఘనతలో పెద్దభాగం ఆనాటి నిజాం వారసుడు ముకర్రంజా పూర్వభార్య రాణి ఎస్రాకు చెందుతుంది. భవనాన్ని తాజ్ హోటళ్లవారు కౌలుకు తీసుకొన్నారు. సుమారు పదేళ్ల మరమ్మతు సాగినది. పాత తివాసీలను, తోలు గోడకప్పులను, చిత్రాలను ఉన్నవి ఉన్నట్లు నిలబెట్టడానికి ఓపిక గల పనివారు శ్రమించినారు. 2010 నవంబరులో హోటలు ప్రారంభమైనది.

ఆ రాణి చేతిమీదుగానే పాతనగరంలోని చౌమహల్లా కూడ బాగుపడినది. అయితే దాని మార్గం వేరు. 2005లో అది ప్రదర్శనశాలగా ప్రజలకు తెరచుకొన్నది. టిక్కెట్టు కొన్న ప్రతివాడూ ఆసఫ్‌జాహీ రాజుల దర్బారు మందిరంలో నిలువవచ్చును. ఒకే వంశపు రెండు మేడలలో ఒకటి బడిపిల్లలకు తలుపు తెరచినది. మరొకటి ధనవంతుల బసతో తన కప్పు తాను కాపాడుకొంటున్నది.

రెండవ మార్గాన్ని తేలికగా నిందింపరాదు. హోటలు లేకుంటే ఈ దీపగుచ్ఛాలు వేలంపాటకు, చెక్కడాలు చెదలకు పోయి ఉండేవి కావని ఎవరు అనగలరు? గది అద్దెలోనే ఆ పైకప్పు మరమ్మతు ఖర్చు ఇమిడి ఉన్నది. కాని ఈ రక్షణకు ఒక వెల కూడ ఉన్నది. ఆ చరిత్రను చదివే బాలుడు దానిని చూడలేడు. చూచే అతిథికి దానిని చదవవలసిన పని లేదు. ఏడాదికి కొన్ని దినాలైనా ఉపాధ్యాయుల వెంట పిల్లలు ఆ గ్రంథాలయపు గడప వరకు పోగలిగితే హోటలుకు కలిగే నష్టం స్వల్పం. పిల్లలకు కలిగే లాభం జన్మాంతం.

అంతవరకు మల్లాపూరు పిల్లలు చేతులు ముడుచుకొని కూర్చుండనక్కరలేదు. వారికి సమీపంలోనే మౌలాలి గుట్ట ఉన్నది. ఆ గుట్టపాదంలో మహలఖా బాయి చందా తన తల్లికై 1792లో కట్టించిన సమాధి మందిరం ఉన్నది. ఉర్దూలో కవితలు చెప్పి, నిజాం దర్బారులో గౌరవమందిన ఆ విదుషి 1824లో మరణించి తల్లి చెంతనే విశ్రమించినది. శిథిలమైన ఆ ప్రాంగణాన్ని 2010 ప్రాంతంలో అమెరికా ప్రభుత్వ సహాయంతో బాగుచేసినారు. అక్కడ గుర్రపుబండి ఎదురు రాదు, గులాబీ రేకులు రాలవు. కాని చరిత్ర కట్టడాలకు కావలసినది బాగుచేసే చేయి మాత్రమే కాదు, వచ్చి చూచే కన్ను కూడ. ఫలక్‌నుమాకు అతిథులు దొరికినారు. మౌలాలి క్రింద ఉన్న ఆ తల్లీకూతుళ్లకు ఆ అతిథులు ఇరుగుపొరుగు పాఠశాలల నుండియే రావలసి ఉన్నది.