మిరప కోతల కాలంలో ప్రగతి నమోదు: తెలుగు పఠన సామర్థ్యం – ఒక పరిశీలన

కీలకపదాలు: అభ్యసన ఫలితాలు, నిరంతర సమగ్ర మూల్యాంకనం, పఠన సామర్థ్యం, వలస, గుణింతం, ఒత్తులు.

ఉపోద్ఘాతం:

గుంటూరు జిల్లా ప్రత్తిపాడు, పెదనందిపాడు ప్రాంతాల నల్లరేగడి నేలల్లో పత్తి తీతలు ముగిసేసరికి మిరప కోతలు అందుకుంటాయి. జనవరి నుండి ఏప్రిల్ వరకు కోత, కల్లాల్లో ఆరబెట్టడం, తాలుకాయలు ఏరడం సాగుతూనే ఉంటాయి. కర్నూలు జిల్లా పడమటి మండలాలైన కోసిగి, కౌతాళం వంటి చోట్ల నుండి కూలీల కుటుంబాలు పిల్లలతో సహా ఇటు తరలివచ్చేది ఈ నెలల్లోనే. వార్షిక పరీక్షలు జరిగేదీ అప్పుడే. తేదీలవారీగా ప్రగతిని నమోదు చేసే పద్ధతి ఇటువంటి పిల్లల విషయంలో ఎందుకు విఫలమవుతున్నదో, తెలుగు లిపి స్వభావాన్ని బట్టి దానిని ఎలా మార్చుకోవచ్చునో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

నమోదులో లోపం:

2009 విద్యాహక్కు చట్టంలోని 29వ సెక్షన్ నిరంతర సమగ్ర మూల్యాంకనాన్ని నిర్దేశించింది. 2017లో నియమాల సవరణ ద్వారా తరగతివారీ అభ్యసన ఫలితాలు చేరాయి. ఆచరణలో మాత్రం ‘నిరంతరం’ అన్న మాట కొన్ని నిర్ణీత పరీక్షల మార్కులను రిజిస్టరుకు ఎక్కించడంగా కుదించుకుపోయింది. పరీక్ష రోజున లేని విద్యార్థి గడిలో ‘గైర్హాజరు’ అని పడుతుంది. అతని చదువు ఎక్కడ ఆగిందో ఆ గడి చెప్పదు.

వచ్చిన మార్కు కూడా అన్నివేళలా చెప్పదు. మూడో తరగతిలో ఇద్దరికి 20కి 12 వచ్చాయనుకుందాం. ఒకరు ‘మిరప’, ‘కోడి’ చదివి, ‘పత్తి’ దగ్గర తడబడి, ‘పత్రం’ దగ్గర ఆగిపోతారు. మరొకరు ‘శాస్త్రం’ సహా అన్నీ చదువుతారు కాని చదివినదేమిటో చెప్పలేరు. మొదటివారికి ఒత్తుల అభ్యాసం కావాలి, రెండోవారికి సంభాషణ, కథనం కావాలి. ఒకే అంకె ఈ రెండు అవసరాలనూ కప్పివేసింది.

తెలుగుకు తగిన మెట్లు:

2005 నుండి వెలువడుతున్న అసర్ సర్వే అక్షరం, పదం, పేరా, కథ అనే మెట్లను ప్రచారంలోకి తెచ్చింది. ఉపయోగకరమైన సాధనమే, కాని గుణింతానికీ ఒత్తుకూ అందులో ప్రత్యేక స్థానం లేదు. 2021లో మొదలైన నిపుణ్ భారత్ మూడో తరగతి ముగిసేసరికి నిమిషానికి కనీసం 60 పదాలు అర్థవంతంగా చదవాలని లక్ష్యం పెట్టింది. ‘వెళ్ళలేకపోయారు’ తెలుగులో ఒక్క పదం, హిందీలో ‘నహీఁ జా సకే’ మూడు పదాలు. ప్రత్యయాలు, సహాయక్రియలు క్రియలోనే కలిసిపోయే భాషకు పదాల లెక్క న్యాయమైన కొలత కాదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

తలకట్టు పదాలు, గుణింత పదాలు, ద్విత్వాలు, సంయుక్త సంశ్లేషాలు, వాక్యం, అర్థగ్రహణం అనే ఆరు మెట్లతో ఒక చీటీ చాలు. ఏ మెట్టు ఏ రోజు దాటితే ఆ తేదీ అక్కడ వేయాలి. జూన్‌లో తిరిగి వచ్చిన పిల్లవాడి చేత ఐదారు పదాలు, ఒక చిన్న పేరా చదివిస్తే ఎక్కడ మొదలుపెట్టాలో తేలిపోతుంది. కుటుంబంతో పాటు ఆ చీటీ కూడా వెళ్తే, కోతల ఊరి బడిలో ఉపాధ్యాయుడు మళ్ళీ అఆల నుండి మొదలుపెట్టనక్కరలేదు. వలస వెళ్ళే తల్లిదండ్రులు పిల్లలను సొంత ఊళ్ళోని సీజనల్ హాస్టళ్ళలో ఉంచగలిగితే మేలే. వెంట తీసుకువచ్చిన పిల్లల సంగతే ఇక్కడి ప్రశ్న.

ఇది మరొక రిజిస్టరుగా చేరితే ఉపాధ్యాయులు భరించలేరు. ఇప్పుడున్న మార్కుల పట్టికలో పఠనానికి సంబంధించిన గడిని తొలగించి, దాని స్థానంలోనే దీనిని ఉంచాలి.

ఒక చిక్కు మిగిలే ఉంది. కోసిగి, కౌతాళం కన్నడ సరిహద్దు ప్రాంతాలు. కన్నడ లిపిలోనూ గుణింతం, ఒత్తు ఉన్నాయి, కాని ఇంట్లో కన్నడం మాట్లాడినంత మాత్రాన పిల్లలకు ఆ లిపి వచ్చినట్టు కాదు. వారికి చివరి మెట్టు మరింత కఠినం. దానిని ముందుగా ఇంటి భాషలో నోటిమాటగా పరీక్షించి, ఆ తర్వాతే తెలుగులో నమోదు చేయవలసి ఉంటుంది.